పది నిమిషాల కరెంటు

మా ఆఫీసు గది మధ్యలో ఒక ప్లైవుడ్ గోడ ఉంది. దానికి ఇటు నేను, అటు మా మరిది. ఇద్దరం ఇళ్ళ ప్లాన్లు గీస్తాం. బయట వరండా ఒకటే, కరెంటు మీటరు ఒకటే, చేతులు కడుక్కునే కుళాయి ఒకటే. వాడు దగ్గితే నాకు వినిపిస్తుంది, నేను కుర్చీ జరిపితే వాడికి వినిపిస్తుంది. అయినా మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకుని నాలుగేళ్ళు దాటింది.

వాడికి ఏదైనా చెప్పి తీరాల్సి వస్తే వరండాలో స్టూలు మీద కూర్చునే మా అత్తయ్యకి చెబుతాను. ఇంట్లో ఒంటరిగా తోచక ఆవిడ రోజూ మాతోపాటే వచ్చేస్తుంది. నేను ఆవిడకి చెప్పే మాట వాడికి స్పష్టంగా వినబడుతూనే ఉంటుంది. అయినా వాడు కదలడు. ఆవిడ అటు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పాక, "అమ్మా, ఆవిడకి చెప్పు" అని జవాబు మొదలుపెడతాడు. ఆవిడట! స్కేలు ఏ వైపు పట్టుకోవాలో తెలియని రోజుల్లో వాడి చెయ్యి పట్టుకుని మొదటి గీత గీయించిన మనిషిని నేను. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది.

గొడవ దేనికంటే, ఒక చిన్న పెట్టె కోసం. ప్లాను కాగితం కింద కుడిమూల ఒక పెట్టె ఉంటుంది. గీసినవారు ఎవరు, తేదీ ఏమిటి, కొలత ఎంత అని అందులో రాస్తాం. ఒక స్కూలు బిల్డింగు ప్లాను రెండు నెలలు తల వంచుకుని గీశాను. చివరికి కళ్ళు మంటలెత్తి, ఆ పెట్టెలు నువ్వు నింపెయ్యరా అన్నాను. వాడు నింపాడు. ఆఖరి మూడు షీట్ల మీద గీసినవారు అన్నచోట తన పేరు రాసుకున్నాడు. ఆ మూడూ వాడు గీసిన మాట నిజమే. అయితే ఏమిటట? ముప్ఫై ఒక్క షీట్లలో మూడు! ఆ స్కూలు మేనేజరు ఎదురుగానే బ్లేడు తీసుకుని వాడి పేరు గీకేశాను. దొంగ అన్నాను కూడా. మర్నాడు వాడు ప్లైవుడ్ షీట్లు తెచ్చి గది మధ్యలో నిలబెట్టి మేకులు కొట్టేసుకున్నాడు.

మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకునే మనిషి. మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగకండి బాబూ అని ఆరోజే చేతులు దులుపుకున్నాడు. ఆస్తులు పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. గొడవకి ఏడాది ముందు ఒకే రోజు, ఒకే షాపులో, అచ్చం ఒకేలాంటి రెండు కంప్యూటర్లు కొన్నాం. లోపల బోర్డు అదే, ప్రాసెసర్ అదే, బయట నల్ల డబ్బా అదే. తేడా తెలియాలని నా దానికి ఎర్ర గోళ్ళ రంగుతో ఒక చుక్క పెట్టుకున్నాను. చెరొకటి తీసుకున్నాం. కరెంటు పోతే కాసేపు ఆదుకునే యూపీఎస్ ఒక్కటే ఉండేది. దాని బ్యాటరీ ఎవరు మార్పించాలనే తగువులోనే అది చచ్చి ఊరుకుంది. మెయిన్ స్విచ్చు ఉన్న ఇనప పెట్టె మాత్రం వరండా గోడకి, సరిగ్గా అత్తయ్య స్టూలుకి పైన ఉంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ నెల మొదట్లో ఇంటి ఓనరు వచ్చి ఒక బాంబు పేల్చాడు. వచ్చే నెల నుంచి గది ఒక్కరికే అద్దెకిస్తాడట. ఇద్దరితో వేగలేడట. ఎవరుంటారో మీరే తేల్చుకోండి అన్నాడు. తేల్చుకోవాలంటే మాట్లాడుకోవాలి కదా! ఆ వారమే ఒక బిల్డరు వచ్చి, ఏం సరదానో, ఇద్దరికీ ఒకే ఇంటి ప్లాను ఇచ్చాడు. ఆ ఇల్లు కట్టాక ఎలా ఉంటుందో లోపలా బయటా పన్నెండు బొమ్మలు కావాలన్నాడు. ఫోటో తీసినట్టే ఉండాలి, కిటికీలోంచి నేల మీద పడే ఎండతో సహా. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరి బొమ్మలు బాగుంటే వాళ్ళకి ఏడాది పాటు చేతినిండా పని. ఆ పని దొరికినవాళ్ళకే గది, రెండోవాళ్ళు సర్దుకుని పోవాలి అని అత్తయ్య నోటి మీదుగానే తేల్చుకున్నాం. ఆ సర్దుకునే మనిషి నేను కాకూడదని పట్టుపట్టాను.

పట్టుదల నాకుంది, నా మిషన్‌కి లేదు. ఒక్క బొమ్మ తయారు కావడానికి తొమ్మిది గంటలు తీసుకుంటోంది. నేల మీద ఎండ పడేలా పెట్టానంటే పదకొండు. పన్నెండు బొమ్మలు శనివారానికి అసాధ్యం. కొత్త మిషన్ కొనే స్తోమత లేదు. చీటీ పాడిన డబ్బులో మిగిలిన కాస్తా పట్టుకుని పాత సామాన్ల కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. ఆ షాపతని అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు, అందరూ హడావిడి అంటారు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్క్రూడ్రైవరు, నోట్లో రెండు స్క్రూలు. మాట పూర్తిగా చెప్పడు, పూర్తిగా వినడు.

హడావిడి నా బోర్డు నంబరు చూసి, బంగారంలాంటి బోర్డమ్మా అన్నాడు. మొత్తం మార్చక్కర్లేదు, ఇదే బోర్డులో కూర్చునే కొత్తరకం ప్రాసెసర్ ఒకటి ఉంది, మీ పాతది నాకిచ్చేస్తే దాని ఖరీదు తగ్గించుకుంటాను అన్నాడు. తొమ్మిది గంటల పని రెండు గంటల్లో అవుతుందన్నాడు. మిషన్ పట్టుకురండి, నేనే బిగించిస్తాను అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా మిషన్ మీద ఇంకొకరి చెయ్యి పడటం నాకు గిట్టదు. బుధవారం పొద్దున ఆఫీసులో నేనే డబ్బా మూత విప్పి, ఫ్యాను తీసి, కింద అతుక్కున్న పాత ప్రాసెసర్‌ని జాగ్రత్తగా ఊడదీశాను. అగ్గిపెట్టెంత కూడా లేదు. అడుగున వెయ్యికి పైగా సన్నటి పిన్నులు. ఒక్కటి వంగినా పనికిరాదు. నా టిఫిన్ బాక్సులో దూది పరిచి, దాన్ని అందులో పడుకోబెట్టి తీసుకెళ్ళాను. బాక్సుతో సహా హడావిడికి అప్పగించి కొత్తది తెచ్చుకున్నాను.

మధ్యాహ్నానికి కొత్తది పెట్టి, దాని మీద వేడి లాగే బూడిదరంగు పేస్టు రాసి, ఫ్యాను బిగించి, స్విచ్చు వేశాను. ఫ్యాను తిరిగింది. స్క్రీను మాత్రం నల్లగా ఉండిపోయింది. తీశాను, మళ్ళీ పెట్టాను. సాయంత్రం దాకా ఐదుసార్లు తీశాను, ఐదుసార్లు పెట్టాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, స్క్రీను వెలగలేదు. ఏం పుట్టిందే నీకు, సరిగ్గా ఇప్పుడే చావాలా అని మిషన్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. గోడ అవతల వాడు వింటాడన్న స్పృహ కూడా లేదు. నిజానికి సోమవారం నుంచీ అటువైపు మౌసు చప్పుడే లేదు. అప్పుడే పన్నెండు బొమ్మలూ ముగించి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడేమో అనుకుని మిషన్‌ని ఇంకో రెండు తిట్టాను.

గురువారం పొద్దున పదింబావుకి హడావిడి మీద యుద్ధానికి బయల్దేరాను. అప్పటికి వాడింకా ఆఫీసుకి రాలేదు. షాపులో జనం. నా వంతు వచ్చేసరికి పదకొండైంది. జరిగింది చెబితే హడావిడి నోట్లో స్క్రూలు తీసి చేతిలోకి ఉమ్ముకుని, అయ్యో, చెప్పలేదా అన్నాడు. ఆ ఒక్క మాటకే అతన్ని అక్కడికక్కడే నమిలి మింగేద్దామనిపించింది.

విషయమేమిటంటే, బోర్డు లోపల దానికంటూ ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుందట. నా బోర్డు పాతది కాబట్టి ఆ ప్రోగ్రామూ పాతదే. తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ని అది గుర్తుపట్టదు. ముందు పాత ప్రాసెసర్ ఉండగానే పెన్‌డ్రైవులోంచి కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. పది నిమిషాల పని. ఆ తర్వాతే పాతది తీసి కొత్తది పెట్టాలి. మిషన్ ఇక్కడికి పట్టుకొచ్చి ఉంటే నేనే చేసిచ్చేవాణ్ణి కదమ్మా అని పుల్లవిరుపుగా అన్నాడు. తప్పు నా నెత్తినే వేశాడు. అని ఊరుకోకుండా ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు.

"ఆ పది నిమిషాలూ కరెంటు పోకూడదమ్మా. మధ్యలో పోయిందంటే బోర్డు చచ్చినట్టే. బాగుచెయ్యాలంటే వేరే ఊరు పంపాలి, పది రోజులు పడుతుంది, వస్తుందన్న నమ్మకం కూడా లేదు."

సరే, నా పాతది పది నిమిషాలకి ఇవ్వండి, మళ్ళీ తెచ్చిస్తాను అన్నాను. అతను తల గోక్కున్నాడు. పొద్దున పదింటికే అమ్మేశాడట. ఎవరికి అంటే, ఇంకెవరికి, మీ మరిదికే అన్నాడు.

హడావిడి తీరిగ్గా చెప్పుకొచ్చాడు. వాడూ సోమవారమే వచ్చి ఇలాంటి కొత్త ప్రాసెసరే తీసుకుని పాతది ఇచ్చేశాడట. వాడూ మిషన్ షాపుకి తేకుండా తనే బిగించుకుంటానన్నాడట. వాడికీ స్క్రీను వెలగలేదు. తిరిగి వచ్చేసరికి వాడి పాతది ఒక ట్యూషన్ సెంటరు వాళ్ళు కొనుక్కుపోయారు. అలాంటిది ఇంకొకటి ఎక్కడా దొరక్క మూడు రోజులు ఊరంతా తిరిగాడట. నిన్న నాది రాగానే హడావిడి వాడికి ఫోను చేశాడు. మీ టిఫిన్ బాక్సు చూడగానే గుర్తుపట్టాడమ్మా, బాక్సుతో సహా పట్టుకెళ్ళాడు అన్నాడు. ఇంకెక్కడైనా ఉందేమోనని అడిగితే, నా ముందే నాలుగు చోట్లకి ఫోను చేశాడు. సోమవారం దాకా లేదన్నారు.

గోడకి అటూ ఇటూ కూర్చుని ఒకే పని, ఒకే తప్పు ఇద్దరం చేశామన్నమాట. వాడు సోమవారమే నోరు విప్పి చెబితే బుధవారం నేను చేసేదాన్ని కాదు. ఆ మాట నాకు దారిలో తట్టింది కానీ, తట్టగానే అది కూడా వాడి మీద కోపంగానే మారింది. నేను స్క్రీను వెలగక సాయంత్రమంతా ఏడుస్తుంటే వాడు విన్నాడు. సంగతేమిటో వాడికి తెలుసు. అయినా గుట్టుగా కూర్చుని, పొద్దున్నే పోయి నా ప్రాసెసర్‌నే ఎగరేసుకుపోయాడు. వాడు బండి మీద మెయిన్‌రోడ్డున వచ్చి ఉంటాడు, నేను సందుల్లో పడి నడిచాను కాబట్టి ఎదురుపడలేదు. పడి ఉంటే నడిరోడ్డు మీదే తేలిపోయేది.

ఇక ముందు జరగబోయేది నాకు కళ్ళకి కట్టింది. పని అయ్యాక వాడు నా ప్రాసెసర్‌ని సొరుగులో పడేస్తాడు. నేను అత్తయ్యతో చెప్పిస్తే, కావాలంటే ఆవిడనే వచ్చి అడగమను అంటాడు. నోరు తెరిచి వాణ్ణి అడగడమా? నా సొంత వస్తువు కోసం? దానికంటే గది ఖాళీ చెయ్యడం నయం. కానీ ఖాళీ చేసి ఎక్కడికి పోతాను? ఇంట్లో మంచం వేస్తే బల్లకి చోటు లేదు, బల్ల వేస్తే మంచానికి లేదు. ఇరవై రెండేళ్ళుగా నాకంటూ ఉన్నది ఆ బల్ల ఒక్కటే. నడుస్తున్నకొద్దీ కాళ్ళు వేగం పెంచాయి, బుర్ర వేడెక్కిపోయింది.

పదకొండున్నరకి వరండా మెట్లు ఎక్కాను. అత్తయ్య స్టూలు మీద కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది. నన్ను చూడగానే వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"మెల్లిగా రా అమ్మాయ్. వాడు లోపల ఏదో ఎక్కిస్తున్నాడు. పది నిమిషాలు ఎవర్నీ కదలొద్దన్నాడు. పొద్దున నువ్వటు వెళ్ళగానే వాడు..."

"నాకేం చెప్పకండి అత్తయ్యా. ఆ మనిషి మాట నా చెవిన వెయ్యకండి."

ఆవిడ మళ్ళీ ఏదో అనబోయింది. చెయ్యెత్తి ఆపేశాను. నాలుగేళ్ళుగా వాడి మాటలన్నీ ఆవిడ నోటితోనే విన్నదాన్ని, ఆరోజే వద్దన్నాను.

ఎక్కిస్తున్నాడట. అంటే ఇంకా అవ్వలేదు. పదింటికి తెచ్చినా ఇప్పటిదాకా పట్టిందంటే పట్టదూ మరి? వాడు ఏ పనైనా రెండుసార్లు సరిచూసుకుంటే గానీ వదలడు. ఆ అలవాటు చేసింది నేనే. వాడి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఫ్యాను చప్పుడు. మెయిన్ స్విచ్చు ఇనప పెట్టె నా భుజం ఎత్తులో ఉంది. హడావిడి చెప్పిన మాట చెవిలో అలాగే ఉంది. మధ్యలో కరెంటు పోతే బోర్డు చస్తుంది. ప్రాసెసర్‌కి మాత్రం ఏమీ కాదు. చచ్చిన బోర్డులోంచి నా వస్తువు నేను తెచ్చుకుంటాను, నా మిషన్‌కి పది నిమిషాల్లో ప్రాణం వస్తుంది. శనివారం పన్నెండింటికి ఒక్కదాన్నే బిల్డరు ముందు నిలబడతాను.

తెలియక చేశానని చెప్పుకోను. కోపంలో చెయ్యి జారిందని అంతకన్నా చెప్పుకోను. ఆ పెట్టె తలుపు తెరవడానికి చిలుకు తుప్పు పట్టి బిగుసుకుని ఉంటే, రెండుసార్లు లాగాల్సి వచ్చింది. మానుకోవడానికి ఆ మాత్రం సమయం చాలు. మానలేదు. స్విచ్చు కిందికి లాగాను.

లోపల ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. అత్తయ్య చేతిలో బీరకాయ అలాగే ఉంది. ఆవిడ తలెత్తి పెట్టె వైపు చూసింది, నా చేతి వైపు చూసింది. నేను పెట్టె తలుపు మూయడం కూడా మర్చిపోయాను. తలుపు తోసుకుని మరిది బయటికి వచ్చాడు. వేళ్ళకి ఆ బూడిదరంగు పేస్టు అంటుకుని ఉంది.

"అమ్మా, కరెంటు పోయిందా?"

అత్తయ్య తల దించి, బీరకాయ చెక్కు తీయడంలో పడి, "పోయింది నాన్నా" అంది. ఆవిడ అబద్ధమాడగా నేను ఎప్పుడూ వినలేదు. అదీ నా కోసం. వాడు వీధి అవతలికి చూశాడు. ఎదురుగా ఇస్త్రీ షాపులో ఫ్యాను గిర్రున తిరుగుతోంది, రేడియోలో పాట వస్తోంది. వాడు అక్కణ్ణుంచి కళ్ళు తిప్పి, తెరిచి ఉన్న ఇనప పెట్టెని చూశాడు. చివరికి నన్ను చూశాడు. నాలుగేళ్ళలో వాడు నా ముఖంలోకి సూటిగా చూడటం అదే మొదటిసారి.

వాడి చూపు తప్పించుకోవడానికే నా గదిలోకి వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. స్క్రీను ఉంది, వైరు వేలాడుతోంది. నల్ల డబ్బా లేదు. అది ఉండే చోట దుమ్ము లేని చదరం ఒకటి మిగిలింది. మొదట ఏమీ అర్థం కాలేదు. ఇంకో క్షణానికి అర్థమైంది. నాలుగేళ్ళుగా తొక్కని వాడి గుమ్మం తొక్కాను.

వాడి బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి మూత బిగించి పక్కకి పెట్టి ఉంది. ఇంకొకటి మూత విప్పి, వాడి స్క్రీనుకే తగిలించి ఉంది. దాని మూలన ఎర్ర గోళ్ళ రంగు చుక్క. పక్కన నా టిఫిన్ బాక్సు, అందులో దూది మీద నా కొత్త ప్రాసెసర్. ఎక్కడా పడిపోకుండా బాక్సు కింద మడతపెట్టిన గుడ్డ కూడా వేశాడు.

వాడు నా వెనకాలే వచ్చి నిలబడ్డాడు. ఈసారి అమ్మా అనలేదు.

"నాది పదకొండుకే అయిపోయింది. ఇది నీది. తొమ్మిది నిమిషాలైంది వదినా. ఇంకొక్క నిమిషం ఉంటే అయిపోయేది."

నా నోట్లోంచి వచ్చిన మాట, "నిన్నెవడు పెట్టమన్నాడు?" నాలుగేళ్ళ తర్వాత వాడితో నేనన్న మొదటి మాట అది. సిగ్గు లేకపోతే సరి.

"ఎవరూ పెట్టమన్లేదు. శనివారం ఓడిపోతే మిషన్ చచ్చింది కాబట్టి ఓడిపోయానని ఊరంతా చెప్పుకుంటావు. నీ నోరు నాకు తెలియదా? ఆ వంక లేకుండా ఓడిద్దామనుకున్నాను."

నా మీద జాలితోనో, పాత రోజులు గుర్తొచ్చో చేశానని వాడు ఒక్క ముక్క అన్నా నాకు తిట్టడానికి దారి దొరికేది. అనలేదు. బయటికి వెళ్ళి స్విచ్చు పైకి వేసి వచ్చాడు. నా మిషన్ బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది, స్క్రీను నల్లగానే ఉంది. పాత ప్రాసెసర్‌తో చూశాడు, కొత్తదాంతో చూశాడు. లోపలి చిన్న గుండ్రటి సెల్లు పీకి, కాసేపు ఆగి మళ్ళీ పెట్టి చూశాడు. గంటసేపు వాడు ఆ పని చేస్తుంటే నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. కూర్చోమని వాడనలేదు. చివరికి మూత బిగించి, డబ్బాని తీసుకెళ్ళి నా బల్ల మీద సరిగ్గా ఆ దుమ్ము లేని చోట పెట్టి వచ్చాడు. టిఫిన్ బాక్సు దాని మీద పెట్టాడు. అందులో రెండు ప్రాసెసర్లూ ఉన్నాయి.

తర్వాత మామూలుగా వరండా వైపు తిరిగి, అమ్మా, ఆవిడకి చెప్పు అని ఏదో అనబోయాడు. అత్తయ్య బీరకాయల పళ్ళెం పట్టుకుని లేచి నిలబడింది.

"ఇక మీ మాటలు నేను మొయ్యనురా. ఇవాళ ఒక్క మాట మొయ్యబోతే ఈవిడ నోరు నొక్కేసింది. మీకు నోళ్ళున్నాయి, చెవులున్నాయి. మీ చావు మీరు చావండి."

ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. స్టూలు వరండాలో ఖాళీగా ఉంది. శుక్రవారం నా మిషన్‌ని ఆటోలో వేసుకుని హడావిడి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఈసారి తిన్నగా డబ్బాతో సహా. అతను చూసి, కరెంటు పోయిందా అమ్మా అని అడిగాడు. పోయిందన్నాను. అత్తయ్య నా కోసం ఆడిన అబద్ధాన్ని నేను మళ్ళీ ఆడాను. వేరే ఊరు పంపాలి, పది రోజులు అన్నాడు.

వాడి మిషన్ బాగానే ఉంది కదా, అందులో నీవి కూడా చేసుకోమని వాడు అనలేదా అని ఇంట్లో మా ఆయన అడిగాడు. అనలేదు. నేనూ అడగలేదు. అడిగే ముఖం ఎక్కడుంది? శుక్రవారమంతా గోడ అవతల ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది. రెండు గంటలకోసారి ఒక బొమ్మ పూర్తయినట్టు చిన్న గంట మోగేది. నేను రాత్రి కూడా ఇంటికి పోకుండా నా ఖాళీ బల్ల ముందు కూర్చుని ఆ గంటలు లెక్కపెట్టాను. శనివారం పొద్దున తొమ్మిదికి పన్నెండోది మోగింది.

పదకొండుకి వాడు బండి తీసి వెళ్ళాడు. రెండింటికి తిరిగొచ్చాడు. గెలిచాడో లేదో చెప్పడానికి అత్తయ్య లేదు. కానీ వాడు గోడకి అటువైపు కొలత టేపు సాగదీసి, తిరిగి వదిలిన చప్పుడు వినిపించింది. ప్లైవుడ్ గోడ పొడవు కొలుస్తున్నాడు. విప్పాక ఆ షీట్లు దేనికి పనికొస్తాయో చూసుకుంటున్నాడు కాబోలు. దాంతో నాకు తెలిసిపోయింది.

నా సామాన్లు సర్దడానికి అరగంట పట్టింది. స్కేళ్ళు, పెన్సిళ్ళు, పాత ప్లాన్ల చుట్టలు. ఒక చుట్ట విప్పితే ఆ స్కూలు ప్లానే. ట్రేసింగ్ కాగితం మీద బ్లేడుతో గీకిన చోట కాగితం పలచబడి, వెలుతురుకి పట్టుకుంటే అవతలి చెయ్యి కనబడుతోంది. మళ్ళీ చుట్టేశాను. లేచి వాడి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఎవరి చేతా చెప్పించడానికి వీల్లేదు మరి.

వాడు వెనక్కి తిరగకుండా గీసుకుంటున్నాడు. బిల్డరు ఇచ్చిన మొదటి ప్లాను అయి ఉంటుంది. కాగితం మూల ఆ పెట్టెలో, గీసినవారు అన్నచోట ఇంకా ఏమీ రాయలేదు.

"ఆ రోజు తప్పు నాదే" అన్నాను.

వాడి చెయ్యి ఆగింది. తల మాత్రం తిప్పలేదు.

"ఏ రోజుది?" అన్నాడు.

అంత చిన్న ప్రశ్న అడుగుతాడని నేను అనుకోలేదు. రెండు రోజులున్నాయని, వాడు నాలుగేళ్ళుగా ఆ మొదటి రోజు మాట కోసమే కూర్చున్నాడని నాకు అప్పుడు తెలిసింది. మూడు షీట్లు నువ్వు గీసినవే, నింపమన్నది నేనే, దొంగ అనడం తప్పు అని అంటే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది.

"గురువారంది" అన్నాను.

వాడు సరే అన్నట్టు తలాడించి, మళ్ళీ గీతలో పడ్డాడు. నేను వచ్చి నా సామాన్ల సంచి ఎత్తుకున్నాను. పోతూ పోతూ తెరిచే ఉన్న ఆ ఇనప పెట్టె తలుపు మూసి, చిలుకు పెట్టాను.